ఆటకు వీపు తిప్పి

పోయిన ఆదివారం టీవీలో ఏదో పెద్ద ఫుట్‌బాల్ ఆట వస్తోంది. మా మనవడు సోఫా అంచున కూర్చుని గోళ్ళు కొరుకుతున్నాడు. ఆట చివరికొచ్చాక ఈల మోగింది. పెనాల్టీ. అంతే, నన్నడగకుండానే నా ఒళ్ళు గిర్రున గోడవైపు తిరిగిపోయింది.

“ఏమైంది అమ్మమ్మా? అటు తిరిగినవేంది?”

“ఏం లేదురా. నువ్వు చూడు.”

“అన్ని మ్యాచులు కళ్ళార్పకుండ చూస్తవ్. పెనాల్టీ అనంగనే గోడకు తిరుగుతవ్. దయ్యం గిట్ల గనబడ్డదా?”

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అరవై దాటినదాన్ని, ముగ్గురు పిల్లల్ని కని పెంచినదాన్ని, ఎవడో ఎక్కడో బంతి తన్నబోతుంటే నా చేతులు ఐసుముక్కల్లా చల్లబడ్డాయి. ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి చెప్పాలంటే ఒక ఆదివారం చాలదు.

నా చిన్నప్పుడు పాతబస్తీలో మా గల్లీకి ఒక క్లబ్బు ఉండేది. క్లబ్బంటే బోర్డులూ బిల్డింగులూ అనుకోకండి. వెలిసిపోయిన ఆకుపచ్చ బనియన్లు పదకొండు, తోలు బంతులు రెండు, అందులో ఒకటి ఎప్పుడూ మొచ్చి దగ్గర కుట్లు వేయించుకుంటూ ఉండేది. ఇవన్నీ పత్తర్‌గట్టి వెనక సందులో గల్లీ అంతా చాచా అని పిలిచే ఆయన నడిపే చాయ్ హోటల్ లోపలి గదిలో ఉండేవి. క్లబ్బుకు చాచాయే పెద్దదిక్కు. ఆ గదిలోకి అడుగు పెడితే మరిగిన పాలు, కిరసనాయిలు పొయ్యి, తడి తోలు, చెమట బనియన్లు, ఆటగాళ్ళు పిక్కలకు రాసుకునే నీలగిరి తైలం, అన్నీ కలిసిన వాసన ముక్కులో దూరేది. ఇప్పటికీ ఎవరైనా జలుబుకు నీలగిరి తైలం రాసుకుంటే నేను లేచి పక్క గదిలోకి పోతాను. మా పిల్లలు ఆ వాసన పడదనుకుంటారు. పడకపోవడం కాదు, భయం.

మా అన్న ఆ క్లబ్బుకు గోల్‌కీపర్. నాకు తొమ్మిదేళ్ళు, అన్నకు ఇరవై నిండలేదు. తాటిచెట్టులా పొడుగు. గుమ్మం దాటేటప్పుడు తల వంచడం మరిచిపోయి రోజుకొకసారి నుదురు కొట్టుకునేవాడు. మా అమ్మ సున్నం గోడ మీద ఆ మరకను చూపించి, “బాల్ అయితే ఆపుతడు గని దర్వాజను ఆపలేడు” అని నవ్వేది.

బాపు కంచన్‌బాగ్ దిక్కు ఒక ఫ్యాక్టరీలో రోజుకూలీ. లారీల మీద లోహపు దిమ్మెలు ఎక్కించేవాడు. లోపల పర్మనెంట్ వాళ్ళకు క్యాంటీన్ భోజనం, బూట్లు, పిల్లలకు ఆసుపత్రి ఉండేవి. గేటు అవతల దిమ్మెలెత్తే వాళ్ళకు నడుంనొప్పి ఉండేది. ఆ ఫ్యాక్టరీకి సొంత ఫుట్‌బాల్ టీమ్ ఉంది. బస్తీ క్లబ్బుల్లో బాగా ఆడే పిల్లగాడు కనబడితే తీసుకుని పర్మనెంట్ చేసేవారు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో ఒకటే మాట. సాయంత్రం వేణ్ణీళ్ళతో నడుము కాపడం పెట్టించుకుంటూ బాపు అనేవాడు, “నా బతుకు గేటు బయటనే తెల్లారింది. వీడైన లోపలికి వోతే సాలు బిడ్డా.”

ఆ మాట వింటే నాకు అన్నం దిగేది కాదు. అన్న ఆట చెడిపోతే ఇల్లంతా చెడిపోతుందని నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా క్లబ్బు ఆచారం ఒకటి చెప్పాలి. ఓడిపోయిన ప్రతిసారీ ఆటగాళ్ళు, చూసినవాళ్ళు అందరూ చాచా హోటల్లో చేరి పంచాయితీ పెట్టేవారు. ఎవరు ఎలా ఆడారు అన్న ఊసే ఉండదు. చాచా సాసర్లో చాయ్ ఒంపుకుని, ఊది, మొదట అడిగే మాట ఒక్కటే: “ఆజ్ నయా కౌన్ ఆయా? ఇయ్యాల కొత్తగ ఎవలొచ్చిండ్రు?”

కొత్తగా వచ్చిన మనిషో వస్తువో దొరకాలి. దొరికితే అదే పనౌతి. పనౌతి అంటే మా దగ్గర శనిపాదం, కాలు పెట్టినచోట కీడు జరిగే బాపతు. ఒకసారి ఒకాయన కొత్త చెప్పులు పనౌతి అయ్యాయి. పాపం, ఆయన వాటిని విప్పి మూసీలో పారేసి ఉత్తకాళ్ళతో ఇంటికి పోయాడు. ఇంకోసారి చాచా మీసం తీసేసిన రోజు ఓడిపోయారు. చాచా తన మీద తనే తీర్పు చెప్పుకుని, చచ్చేదాకా మళ్ళీ మీసం తీయలేదు. “ఆడరాక మద్దెల వోడన్నట్టు” అని అమ్మ దెప్పేది గానీ హోటల్లో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక ఆదివారం అమ్మ చుట్టాలింటికి పోతూ నన్ను అన్నకు అప్పజెప్పింది. అట్లా మొదటిసారి మైదానానికి పోయాను. అక్కడ ఇంకే ఆడపిల్లా లేదు. ఎవరో ఉప్పూ కారం అద్దిన జామకాయ చేతిలో పెట్టారు. అది జారి మట్టిలో పడింది. వంగి తీసుకుని, గౌనుకు తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి కొరికేసరికి జనం “అయ్యో!” అన్నారు. మా మీద గోల్ పడింది. ఆ ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

ఆ సాయంత్రం చాచా సాసర్ ఊది అడగాల్సింది అడిగాడు. ఇరవై తలలు నావైపు తిరిగాయి. నేను అన్న వెనక నక్కి, వాడి బనియన్ అంచు పట్టుకున్నాను. అన్న ఏదో ఒకటి అంటాడనుకున్నాను. వాడు తల వంచుకుని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను ఆ గోల్ చూడనే లేదు, జామకాయ చూశాను అని చెబుదామనుకున్నాను.

“చిన్న పిల్ల, ఏం అనకుండ్రి. వచ్చేసారి ఇంట్ల ఉంచుండ్రి” అన్నాడు చాచా.

అక్కడితో పోతే బాగుండేది. పై ఆదివారం నన్ను ఇంట్లో పెట్టి పోయారు. నాలుగు గోల్స్ తేడాతో తుక్కుతుక్కుగా ఓడి వచ్చారు. మళ్ళీ పంచాయితీ. ఈసారి చాచా బాగా ఆలోచించాడు. పిల్ల వస్తే ఒక గోల్, రాకపోతే నాలుగు. అంటే పిల్ల రావాలి. కానీ చూడకూడదు.

“బేటీ, నువ్వు వస్తవ్, కూసుంటవ్. ఆట దిక్కు వీపు వెట్టి కూసుంటవ్. సమజ్ అయిందా? ముడ్‌కే నక్కో దేఖ్. తిరిగి చూసినవనుకో, మీ అన్న నౌకరీ ఖతం.”

చాచా దుర్మార్గుడు కాదు. ఆ మాట అంటూనే నా చేతిలో రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టాడు. నేను వాటిని తినలేకపోయాను.

ఆ తరువాతి ఆటనుంచి సరిహద్దు గీత దగ్గర ఒక బండరాయి నాది. అందరూ ఆటను చూస్తుంటే నేను అందరినీ చూస్తూ కూర్చునేదాన్ని. గెలిచారు. మళ్ళీ ఆట, మళ్ళీ బండరాయి, మళ్ళీ గెలిచారు. ఇంకేముంది, అమ్మకు జ్వరమొచ్చినా, నాకే జ్వరమొచ్చినా, వచ్చి మోసుకుపోయేవారు. పిల్లకు రిబ్బన్లు కట్టి పంపమ్మా, పోయిన ఆటకు కట్టిన రిబ్బన్లే కట్టు, మార్చకు అని ఆజ్ఞలు. ఖీమా కూరిన లుఖ్మీలు కొనిపెట్టేవారు, నిమ్మసోడా తాగించేవారు. చూసేవాళ్ళకు మహారాణి వైభోగం. నేనేమో శనివారం మధ్యాహ్నం నుంచే మంచం కింద దూరేదాన్ని.

వీపుకు కళ్ళుండవు గానీ భయం ఉంటుంది. వెనక బూట్ల చప్పుడు దగ్గరికొస్తే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేదాన్ని. ఎదురుగా ఉన్న ముఖాల్లోంచి ఆట చదవడం నేర్చుకున్నాను. చాచా పెదవి కొరికితే బంతి మా వైపుంది. బీడీ ఆర్పితే కార్నర్. అందరి మెడలూ ఒక్కసారి పైకి లేస్తే అన్న గాల్లోకి ఎగిరాడని లెక్క. ఆ మెడలు కిందికి దిగి, నోళ్ళు తెరుచుకుని “వాహ్!” అనేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. ఆ “వాహ్” ఎందుకో, అన్న చేతులు ఎట్లా చాచాడో నాకు తెలియదు. ఊహించుకోవడానికీ భయమే. ఊహించుకున్నా చూసినట్టే అవుతుందేమో! అందుకని మనసులో పదమూడో ఎక్కం చదువుకునేదాన్ని. నాకు పదమూడో ఎక్కం ఈనాటికీ తప్పు పోదు.

ఒకసారి మాత్రం కోతిపని చేశాను. అమ్మ పౌడరు డబ్బాలోని చిన్న అద్దం గౌను జేబులో వేసుకుపోయి, ఎవరూ చూడకుండా అరచేతిలో పెట్టి వెనక్కి చూశాను. ఒక కాకి, కాస్త ఆకాశం, ఎవరిదో మోచెయ్యి. అంతే కనబడింది. అదే క్షణంలో ఎదుటి ముఖాలన్నీ వాడిపోయాయి. గోల్. అద్దాన్ని జేబులోకి తోసేశాను. ఆ ఆట చివరికి గెలిచారు గానీ నాకు రుజువు దొరికిపోయింది. అప్పటిదాకా చాచా అన్నాడని భయపడ్డాను. ఆ రోజు నుంచి నేనే నమ్మి భయపడ్డాను. పడుకోబోతూ నా కళ్ళను వేళ్ళతో తడిమి చూసుకునేదాన్ని, వీటిలో ఏముందీ అని.

అట్లా గెలుస్తూ గెలుస్తూ ఉంటే, ఫ్యాక్టరీ టీమ్ నుంచే కబురు వచ్చింది. మా క్లబ్బుతో ఆడతారు. సాహెబులు వచ్చి చూస్తారు. వాళ్ళకు గోల్‌కీపర్ కావాలి.

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అమ్మ అన్నకు రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టింది. నేను అన్నను నేరుగా చూడడమే మానేశాను. ఎందుకైనా మంచిదని.

“ఏందే చెల్లె, నా దిక్కు చూస్తలేవ్?” అన్నాడు అన్న.

“ఆట అయినంక చూస్త” అన్నాను. వాడు రెండో గుడ్డు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు మైదానంలో షామియానా వేశారు. కుర్చీల్లో సాహెబులు కూర్చున్నారు. నేను నా బండరాయి మీద, పాత రిబ్బన్లతో, ఆటకు వీపు తిప్పి కూర్చున్నాను. ఎదురుగా చాచా. ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఖాకీ నిక్కరుతో, చేతుల మీద ఇనుప మసితో ఒక మనిషి వచ్చి చాచా పక్కన నిలబడ్డాడు. బాపు! బాపు ఏనాడూ ఆటకు రాలేదు. ఆయనకు ఆదివారం కూడా లారీలే. ఆ రోజు మేస్త్రీని బతిమాలుకుని వచ్చాడు.

ఆట మొదలైంది. ఎక్కం చదువుకుంటూ ముఖాలు చూస్తున్నాను. మెడలు పైకి లేస్తున్నాయి, “వాహ్” అంటున్నాయి. మళ్ళీ లేస్తున్నాయి, మళ్ళీ “వాహ్”. చాచా చాయ్ తాగడం మరిచిపోయాడు. ఎవరో “సాహెబ్ లేచి నిలబడ్డడు, జూస్తున్నడు!” అన్నారు. ఎవరి మీదా గోల్ లేదు. ఇంక అయిదు నిమిషాలట. పిడికిలి బిగించి కూర్చున్నాను.

అప్పుడు ఈల మోగింది.

“పెనాల్టీ ఇచ్చిండు! మన మీద!” అన్నారెవరో.

చాచా రుమాలు తీసి ముఖం మీద కప్పుకున్నాడు. ఆయనను చూసి పక్కవాళ్ళూ కళ్ళు మూసుకున్నారు. నేను చదవడానికి ముఖాలు లేకుండా పోయాయి. ఒక్క బాపు మాత్రం కళ్ళు తెరిచి ఉన్నాడు. దిమ్మెలెత్తే చేతులు రెండూ గడ్డం కింద పెట్టుకుని, తుపాకీతో కాల్చబోతుంటే నిలబడ్డ మనిషిలా చూస్తున్నాడు. మా బాపుకు కూడా భయమేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ముఖం నేను చూడలేకపోయాను. చూడలేక, అటు తిరిగాను.

తిరిగి చూశాను.

రెండు కర్రల మధ్య అన్న నిలబడి ఉన్నాడు. బంతి తన్నే అతను పరుగెత్తాడు. తన్నాడు. అన్న కదలలేదు. బంతి వలలో పడింది. నేను మళ్ళీ ఇటు తిరిగేసరికి చాచా ఇంకా రుమాలు తీయలేదు. ఎవరూ నన్ను చూడలేదు.

సాహెబులు లేచి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒకాయన అన్న మాట గల్లీ అంతా పాకింది: “మొదట్నుంచి బాగ ఆడిండు గని, అసలు టైముకు బొమ్మ లెక్క నిలబడ్డడు. గట్లాంటోడు మాకొద్దు.”

ఆ సాయంత్రం హోటల్లో ఎవరికీ చాయ్ సహించలేదు. అన్న మూలన కూర్చున్నాడు, పక్కన బాపు. నేను గుమ్మం దగ్గర, పారిపోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. చాచా నావైపు చూసి గట్టిగా చెప్పాడు, “పిల్ల తిరగలే. నేను ముంగటనే ఉన్న. నాది గ్యారంటీ.” రుమాలు కప్పుకున్న మనిషి గ్యారంటీ అది!

తరువాత ఆయన సాసర్ వైపు చూస్తూ, చాలా మెల్లగా, “మరి కొత్తగ ఎవలొచ్చిండ్రు?” అన్నాడు.

ఇరవై తలలూ తిరిగాయి. బాపు వైపు.

బాపు అందరినీ ఒకసారి చూశాడు. మసి చేతులు నిక్కరుకు తుడుచుకున్నాడు. “నేనే. నేనే వచ్చిన. రాకుంటే మంచిగుంటుండె” అన్నాడు.

చెప్పు, చెప్పు అని నా గుండె కొట్టుకుంది. నేను తిరిగాను బాపూ, నీది కాదు, నాది అని ఒక్క మాట. చెబితే అన్న నా ముఖం చూడడేమో, అమ్మ చంపుతుందేమో, ఇక జన్మంతా నన్ను అందరూ పనౌతి అంటారేమో. గుమ్మం పక్కకు జరిగి బాపుకు దారి ఇచ్చాను. బాపు తలుపు దాటి ఒక్కడే ఇంటికి నడిచిపోయాడు.

అన్న పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. బంతి పట్టిన చేతులతో నలభై ఏళ్ళు గుడ్డ కొలిచాడు. క్లబ్బు రెండేళ్ళు కుంటి, ఆగిపోయింది. మైదానంలో ఇళ్ళు లేచాయి. అయినా నేను ఆ క్లబ్బు మనిషినే. లేని క్లబ్బుకు భయపడుతూ బతికాను.

మొన్న మనవడు నవ్విన మర్నాడు ఆటో ఎక్కి అన్న దగ్గరికి పోయాను. డెబ్బై దాటాడు. మోకాళ్ళ నొప్పులకు ఉప్పునీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పులు విప్పకుండానే చెప్పేశాను.

“అన్నా, పెనాల్టీ అప్పుడు నేను తిరిగిన. చూసిన. నీ నౌకరీ నేనే వోగొట్టిన.”

అన్న నీళ్ళలో కాళ్ళు కదిపాడు. “ఎరికే” అన్నాడు.

“ఎరికేనా!”

“గోల్ కాడికెళ్ళి నాకు నువ్వే గనబడుతుండె. ఆటాటకు నీ వీపు, నీ రిబ్బన్లు. గవి చూసినప్పుడల్లా నా పానం గుంజుతుండె. గా మొదటి గోల్ ఉన్నది చూడు, నువ్వు జామకాయ తిన్ననాడు? మిర్చి బజ్జీలు తిని చేతులు తుడుసుకోలే. నూనె చేతులల్లకెంచి జారింది బాల్. నిన్ను పనౌతి అంటుంటే నోరు మూసుకున్న. భయమైంది. నూనె సంగతి తెలిస్తే టీమ్‌ల కెంచి తీసేస్తరని.”

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను.

“పెనాల్టీ అప్పుడు నీ మొఖం ఇటు తిరిగింది. ఎంత భయమున్నదే చెల్లె గా మొఖంల! నిన్నే చూస్తున్న. బాల్ చూడలే.” అన్న తలెత్తాడు. “ఇప్పటికి తెల్వదు నాకు. ఎటు వోయింది?”

“నీ ఎడమ దిక్కు. కిందికెళ్ళి.”

“దుంకితే అందుతుండెనా?”

ఆ బంతి వాడి కాలికి జానెడు దూరం నుంచి, మెల్లగా పోయింది. నేను దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను.

“అందకపోతుండె అన్నా. మస్తు దూరం.”

అన్న గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. “అయితే నీ తప్పు గాదు, నా తప్పు గాదు” అన్నాడు. టబ్బులోంచి కాళ్ళు తీసి తుడుచుకుంటూ, “బాపుది గూడ గాదు” అన్నాడు.

ఆ పెనాల్టీ తరువాత బాపు ఇంకో ఇరవై ఏళ్ళు బతికాడు. నా పెళ్ళిలో నేను తాళి కట్టించుకునేటప్పుడు కూడా పందిరి బయట నిలబడ్డాడు. మంచి జరిగేచోట నేనెందుకులే అన్నాడు. అన్నా నేనూ లోపలే ఉన్నాం. ఇద్దరిలో ఒక్కరమూ లోపలికి రా బాపూ అని పిలవలేదు.